ఒక ముక్క తక్కువ

శనివారం పొద్దున
గ్రేమౌత్‌లో వాన పడకపోతే అది వార్త.
స్కౌట్ల పాత హాలు తలుపు తడికి ఉబ్బిపోయి
భుజం ఆనించి తోస్తేగాని తెరుచుకోదు.
లోపల తడిసిన కోట్ల వాసన, బొమ్మలు తుడిచిన వెనిగర్ వాసన,
పద్దెనిమిది అరల నిండా
ఎవరివీ కాని బొమ్మలు.

నా పని లెక్కపెట్టడం.
చెక్క రైలు: ఇరవై మూడు ముక్కలు,
ఒక చక్రానికి కుక్క పంటి గాటు.
వంటింటి సెట్టు: పద్నాలుగు.
అందులో కోడిగుడ్డు రెండుసార్లు పోయి రెండుసార్లు దొరికింది,
రెండోసారి ఎవరిదో రబ్బరు బూటులో.
డ్రమ్ము: ఒకటి.
రెండు వారాలకని తీసుకెళ్ళిన కవలల తల్లి
మర్నాడే మా ఇంటి గుమ్మంలో పెట్టి
మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది.

పసుపు డిగ్గర్ కోసం తొమ్మిది పేర్లు వరసలో ఉన్నాయి.
మూడేళ్ళ మనిషికి
వరస అనేది ఎంత పొడుగో
మనం మరిచిపోయి చాలా కాలమైంది.

ఎరువు సొమ్ము బరువు చేటని ఎవరన్నారో గాని
ఇక్కడ ఎరువు తెచ్చుకున్నదే తేలిక.
పాలపొడి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
కళ్ళు మండుతూ వచ్చిన తండ్రి
ఒక కోటని చంకన పెట్టుకుని
రెండు గదుల ఇంటికి నడిచిపోతాడు.

నూట పన్నెండో నంబరు పజిల్
పొలంలో జంతువులు.
ఏడు గుంటలు, ఆరు ముక్కలు. ఆవు లేదు.
నాకు ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్న ఐలీన్
ఎర్ర సిరాతో రాసింది: ఒకటి తక్కువ.
అప్పటికి నాకింకా మోకాళ్ళ నొప్పి లేదు.

ఆ ఆవు గుంటలో
పిల్లలు పెట్టగా నేను చూసినవి
బొటనవేలు, బిస్కెట్టు, ఏటి ఒడ్డు గులకరాయి.
ఒక పిల్ల చెవి ఆనించి చాలాసేపు విన్నది.
ఏం వినిపించిందో చెప్పలేదు.

కహుకి రెండున్నరేళ్ళు, మాట రాలేదు.
నర్సు చీటీ రాసింది.
క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న నిపుణురాలికి
ఏడు నెలల తర్వాత గాని తీరిక లేదు.
అమ్మమ్మ హిరియా వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని
అదే పజిల్, ఆరు శనివారాలు.
గుర్రం పెడతాడు. పంది. బాతుని తలకిందులుగా, మళ్ళీ సరిగ్గా.
గుంట దగ్గర ఆగుతాడు.
తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూస్తాడు.
ఆవిడ రెండు అరచేతులూ విప్పి
తన భాషలో అంటుంది: కాఒరే.
లేదు నాయనా, లేదు.

ఏడో శనివారం వాడే అరచేతులు విప్పాడు.
మాట సగమే వచ్చింది:
ఒరే.

లేదని చెప్పడమో
లేనిదాన్ని పిలవడమో
నాకు తెలీదు. హిరియా మాత్రం
కోటు బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

ఆ చలికాలంలోనే, రంపం మిల్లులో చేసి మానేసిన డుగల్
రిము చెక్కలో ఆవుని చెక్కి తెచ్చాడు.
అంచులు నున్నగా గరుకు కాగితం పట్టి,
తోక దగ్గర కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా.
మంచి మనిషి. మంచి ఆవు.
మూడు వారాలు చూశాను.
ఏడూ పెట్టేస్తారు, లేచి పోతారు.
ఎవరూ తల ఎత్తలేదు.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

కహుకి ఇప్పుడు నాలుగేళ్ళు.
డిగ్గర్ వరసలో వాడిది మూడో పేరు.
తలుపు ఇంకా పూర్తిగా తెరవకముందే
సందులోంచి అరుస్తాడు, రెండా? రెండయ్యానా?
నోరు మూయించడం హిరియా తరం కావట్లేదు.

ఆవు నా సొరుగులో ఉంది,
రబ్బరు బ్యాండ్ల కింద.
డుగల్ అడిగినప్పుడల్లా
రంగు ఆరుతోందంటాను.
ఏడాది పైగా ఆరుతోంది.
ఇక్కడి వానల్లో ఏదీ తొందరగా ఆరదు,
నమ్మాడు.